చిప్పలో రాసిన థీసిస్

మా ఆయన పృథ్వీరాజ్ నా మీద ప్రేమతో ఒక కంప్యూటర్ భాష కనిపెట్టాడు. ఆ ప్రేమేదో చీర రూపంలో చూపించి ఉంటే ఇద్దరికీ బాగుండేది.

అప్పటికి నాది పీహెచ్‌డీలో ఏడో ఏడు. ఏడో ఏడంటే, ఇంకా అవలేదా అని అడగడం కూడా మానేసి చుట్టాలు జాలిగా చూసే దశ. నా విషయం ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో ఇంటిపని చేసే ఆడవాళ్లు. నాన్న ఉద్యోగం వల్ల నేను పెరిగింది ఆ క్వార్టర్లలోనే కాబట్టి వాళ్లు నన్ను నమ్మి మాట్లాడారు. నలభై ఒక్క మంది. ఏ ఇంట్లో ఫ్రిజ్‌కి తాళం వేస్తారో, ఏ ఇంట్లో తమను బాత్రూం వాడనివ్వక మార్కెట్ దాకా నడిపిస్తారో, ఏ డైరెక్టరుగారు భార్య ఊరెళ్లినప్పుడు గిన్నెలు తోముకుంటూ ఎవరికీ చెప్పొద్దని బతిమాలతాడో, అన్నీ చెప్పారు. చెప్పే ముందు అందరూ అడిగింది ఒకటే, పేరు బయటికి రాదు కదా అని. రాదని ఒక్కొక్కరికీ విడివిడిగా మాటిచ్చాను. పార్కులో పొద్దున నడిచే మేడంల చెవిన ఒక మాట పడిందంటే మధ్యాహ్నానికి సెక్టారంతా తెలుస్తుంది. సాయంత్రానికి పని పోతుంది.

థీసిస్ మొదట అందరిలాగే వర్డ్‌లో రాశాను. రెండు వందల పేజీలు దాటాక దానికి పిచ్చెక్కింది. మూడో అధ్యాయంలో ఒక పట్టిక పెడితే ఆరో అధ్యాయంలో బొమ్మ మాయమయ్యేది. ఢిల్లీలో దీనికి అందరూ చేసే పని ఒకటుంది. యూనివర్సిటీ దగ్గర థీసిస్ బైండింగ్ కొట్టుకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి ఇచ్చేయడమే. మా డిపార్ట్‌మెంట్ వాళ్లందరికీ చౌహాన్ జీ కొట్టే దిక్కు. మార్జిన్లు సరిచేసి, విషయసూచిక పెట్టి, అట్ట వేసి ఇస్తాడు. ఆయన చేతి మీదుగా పోయిన డాక్టరేట్లకు లెక్కే లేదు, ఆయన మాత్రం ఇంటర్ తప్పాడు.

జనక్‌పురిలో మా ఇంట్లో అన్నం తింటూ ఈ మాట చెప్పానో లేదో, పృథ్వి కంచంలోంచి తలెత్తాడు. అతనిది వరంగల్లు. గుర్‌గావ్‌లో ఏదో కంపెనీలో ప్రోగ్రామర్. తన భార్య థీసిస్ ఫోటోకాపీ కొట్లో వర్డ్‌లో తయారవడం అతనికి ఇంటి పరువు సమస్య అయింది.

"రెండు వారాలియ్యి," అన్నాడు. "పుస్తకం లెక్క చేసిస్త."

ఆ రెండు వారాలు ఏడు నెలలు నడిచాయి.

లెక్కల ప్రొఫెసర్లు వాడే అక్షరకూర్పు భాష ఒకటుంది. పేజీ ఎలా ఉండాలో అందులో ఆజ్ఞలుగా రాస్తే, అది కూర్చుని ప్రతి వరుసనీ కొలిచి, అందంగా పేర్చి పెడుతుంది. అది వాడితే సరిపోయేది. పృథ్వి రెండు రోజులు వాడి మొహం చిట్లించాడు. ప్రతి ఆజ్ఞకీ ముందో వాలుగీత, వెనకో మీసాల బ్రాకెట్, మనుషులు రాసే భాషేనా ఇది అన్నాడు. అతనికి కాలేజీ రోజుల నుంచీ లిస్ప్ అని ఒక పాత భాష మీద మోజు. అందులో ఉన్నదల్లా గుండ్రటి బ్రాకెట్లు. బ్రాకెట్‌లో బ్రాకెట్, దాంట్లో ఇంకో బ్రాకెట్. మొదటి మాట ఏం చెయ్యాలో చెబుతుంది, మిగతావి దేన్ని చెయ్యాలో చెబుతాయి. అంతే వ్యాకరణం. దాంట్లోంచి తెలుగు ఆజ్ఞలతో తనదైన ఒక మాండలికం తీసి, అందులో నేను థీసిస్ రాస్తే అది ఆ అక్షరకూర్పు భాషలోకి మారేలా చేస్తానన్నాడు. అంటే నా ఇంగ్లీషు థీసిస్ ముందు తెలుగు ఆజ్ఞల్లో చుట్టుకుని, తర్వాత వాలుగీతల్లోకి మారి, చివరికి కాగితం మీద మళ్లీ ఇంగ్లీషుగా తేలుతుందన్నమాట. ఆర్.కె. పురం నుంచి పక్కనే ఉన్న మునిర్కాకి ఫరీదాబాద్ మీదుగా వెళ్లినట్టు.

పేరు పెట్టడానికే మూడు వారాలు పట్టింది. చివరికి "చిప్ప" అన్నాడు. తెరిచిన బ్రాకెట్, మూసిన బ్రాకెట్ ఎదురెదురుగా పెడితే కొబ్బరికాయ రెండు చిప్పల్లా ఉంటాయట. నా చేతికి రాబోయేది అదేనని నాకు అప్పుడే అర్థమైంది.

మొదటి చిక్కు మొదటి పేజీలోనే వచ్చింది. ప్రోగ్రాముల్లో మామూలు రాత తక్కువ, ఆజ్ఞలు ఎక్కువ. థీసిస్‌లో దానికి తలకిందులు. ప్రతి వాక్యానికీ కొటేషన్ గుర్తులు పెట్టమంటే నేను కుదరదన్నాను. సరే, రాత ఉత్తినే రాసుకో, బ్రాకెట్ కనిపిస్తేనే అది ఆజ్ఞ అనుకుంటుంది అన్నాడు. నాలాంటి వాళ్లు బ్రాకెట్ లేకుండా ఊపిరి కూడా పీల్చరని అతనికి తెలీదు. ఎవరి మాట ఉటంకించినా పక్కన బ్రాకెట్‌లో సంవత్సరం వెయ్యాలి. చిప్ప ఆ సంవత్సరాన్ని ఆజ్ఞ అనుకుని, 2011 చెయ్యడం నాకు రాదని మొరాయించింది. చదరపు బ్రాకెట్లు వాడుకోమని చెప్పాను. లిస్ప్‌కి చదరపు బ్రాకెట్లేంటని కులం చెడినంత బాధపడ్డాడు. చివరికి నేనే నా వాక్యాల్లోంచి మూడు వందల బ్రాకెట్లు పీకేశాను. అందులో చెప్పినవేవీ అవసరం లేదని అప్పుడే తెలిసింది. మా గైడు మేడం ఏడేళ్లలో మొదటిసారి నా రాత మెరుగైందంది.

అన్యాయంగా మాట్లాడకూడదు, చిప్ప కొన్ని మంచి పనులు కూడా చేసింది. ఆ అక్షరకూర్పు భాషలో శాతం గుర్తు పెడితే ఆ వరుసలో తర్వాతదంతా మింగేస్తుంది. నా థీసిస్‌లో శాతాలు తప్ప ఇంకేముంది? చిప్ప దాన్ని పసిగట్టి కాపాడేది. కావాలంటే కొత్త ఆజ్ఞలు మనమే తయారు చేసుకోవచ్చు. అలా పృథ్వి నాకోసం చేసిపెట్టిందే "దాచు". బ్రాకెట్ తెరిచి, దాచు అని రాసి, పక్కన మాణిక్యం అని రాసి మూసేస్తే అచ్చులో సరళ అని వస్తుంది. నలభై ఒక్క మందికీ నలభై ఒక్క మారుపేర్లు. నా స్క్రీన్ మీద మాత్రం అసలు పేర్లే ఉంటాయి. అంతకుముందు పదిహేడో నంబరు, ఇరవైమూడో నంబరు అని రాసుకుంటూ ఎవరు ఏడ్చారో ఎవరు నవ్వారో తికమకపడేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే వాళ్లు ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది. అది చేసిచ్చిన రోజు పృథ్విని నిజంగానే ముద్దు పెట్టుకున్నాను.

ఆ ముద్దు తర్వాత మా మధ్య మిగిలినవి తప్పుల పట్టీలే. చిప్పకి ఓపిక తక్కువ. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయకపోతే మొత్తం పుస్తకం ఆపేసి, మూడువేల నూట పద్నాలుగో వరుసలో తెలియని మాట ఉందని ఎర్రగా అరిచేది. దానికి తెలియని మాట కనిపిస్తే చాలు, అదే అరుపు. ఒకరోజు గైడు మేడం ఎదుట అధ్యాయం తెరవబోతే పద్దెనిమిది తప్పులు చూపించింది. ఇంటికొచ్చి కూరగాయల సంచి సోఫా మీదికి విసిరేశాను. ఇక నాకు తప్పులు చూపించొద్దని, తెలియని ఆజ్ఞ ఎదురైతే ఆ మాటనీ బ్రాకెట్లనీ ఊడదీసి, మిగిలింది ఉన్నట్టు అచ్చు వేసి, నోరు మూసుకుని ముందుకు పొమ్మని చెప్పాను.

పృథ్వి వారం రోజులు వాదించాడు. తప్పు జరిగినా చెప్పని భాష ప్రమాదమన్నాడు. ఈ సిద్ధాంతం గుర్‌గావ్‌లో పెట్టుకోమన్నాను. నా పుట్టినరోజు నాడు చిప్ప నోరు మూయించి కానుకగా ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

థీసిస్ ఇవ్వడానికి ఆఖరి తేదీ శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు. గడువు రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదు. ఆ గంట దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దయి ఏడేళ్లూ గాలికి పోతాయి. ఇంత ముందుకొచ్చాక ఏ మనిషైనా ఏమీ కదపకుండా కూర్చుంటాడు. మా ఆయన మంగళవారం నాడు "దాచు" అనే మాట మార్చాడు. అది నిజానికి దాచడం లేదు, ఒక పేరు బదులు ఇంకోటి పెడుతోంది, అందుకని దాని పేరు "మారుపేరు" అని ఉండాలట. ఈ భాష పదేళ్ల తర్వాత ఎవరైనా చదివితే నవ్వుతారట. థీసిస్‌లో దాచు అని ఉన్నచోటల్లా మారుపేరు అని తనే మార్చేశాడు కూడా. ఐదో అధ్యాయం మాత్రం అప్పుడు అతని దగ్గర లేదు. మేడం చెప్పిన ఆఖరి దిద్దుబాట్లు చేస్తూ నా లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. బుధవారం దాన్ని తెచ్చి మిగతావాటితో కలిపాను. దాచు అంటే ఏమిటో చిప్పకి ఇప్పుడు తెలీదు. నేను నేర్పిన పద్ధతిలోనే ఆ మాటనీ బ్రాకెట్లనీ ఊడదీసి, లోపలున్న పేర్లు ఉన్నట్టు అచ్చు వేసి, నోరు మూసుకుని ముందుకు పోయింది.

ఐదో అధ్యాయమంటే ఇంటర్వ్యూలన్నీ ఉన్నది. నేను దాన్ని యాభైసార్లు చదివాను, ప్రతిసారీ నా స్క్రీన్ మీద, అసలు పేర్లతోనే. అందుకే అచ్చు కాపీ తిరగేసినప్పుడు కూడా నా కంటికి ఏ తేడా కనబడలేదు.

గురువారం పొద్దున చౌహాన్ జీ ఆరు కాపీలు నల్లటి అట్టలు వేసి ఇచ్చాడు. పేజీలు తిప్పి చూసి, ఇంత శుభ్రమైన కూర్పు తన కొట్లోకి ఎప్పుడూ రాలేదని పృథ్వితో అన్నాడు. పృథ్వి మెట్రోలో దారి పొడుగునా ఆ మాటే తలుచుకున్నాడు. ఐదు కాపీలు పరీక్షల విభాగంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆరోది పట్టుకుని మూడింటికల్లా మునిర్కాలో మాణిక్యం గదికి వెళ్లాను.

మాణిక్యం మా ఇంట్లో కూడా పని చేసింది. నాకు ఐదేళ్లప్పుడు జడలు వేసేది. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆ యాస పోలేదు, పైన హిందీ చేరింది. నా థీసిస్‌లో అందరికంటే ఎక్కువ మాట్లాడింది తనే. పుస్తకం అయ్యాక చూపిస్తానని చెప్పి ఉన్నాను. చేతులు చీర కొంగుకి తుడుచుకుని పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. ఇంగ్లీషు రాదు కాబట్టి ఊరికే పేజీలు తిప్పుతుందనుకున్నాను. నూట తొంభై నాలుగో పేజీలో వేలు ఆగింది.

"ఇది నా పేరు గదేటి," అంది. "ఆధార్ కారట్ మీదున్నట్టే ఉంది. పుస్తకంలో నన్నెట్టినారా అమ్మా?"

ఆమె ముఖం వెలిగిపోయింది. తొంగి చూశాను. ఆమె పేరే. కింది పేరాలో సీతారత్నం. పక్క పేజీలో ఇంకో ముగ్గురు. ఫ్రిజ్ తాళం, బాత్రూం, గిన్నెలు తోమే డైరెక్టరు, అన్నీ పేర్లతో సహా ఉన్నాయి. మాణిక్యం ఆ పేరు మీద వేలితో రాస్తూ ఇంకేదో అడగబోయింది. నేను ఒక్క ముక్క చెప్పకుండా ఆమె ఒళ్లోంచి పుస్తకం లాక్కుని బయటికి నడిచాను. ఆ లాక్కోవడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇంటికొచ్చి పుస్తకం చూపిస్తే, ఏం జరిగిందో కనుక్కోవడానికి పృథ్వికి రెండు నిమిషాలు పట్టింది. కుర్చీలో వెనక్కి వాలి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. తప్పు తనదే అన్నాడు. సగం నాదని నాకు తెలుసు, కానీ ఆ పూట పంచుకునే ఓపిక లేదు.

కాసేపటికి అతను తలెత్తి, గొంతు తగ్గించి, థీసిస్ ఎవరు చదువుతరు అన్నాడు. ఇద్దరు పరీక్షకులు చదువుతరు, వాళ్లు కూడా సగమే. ఇప్పుడు వెనక్కి తీసుకుని రేపు నాలుగింటికల్లా మళ్లీ ఇవ్వలేకపోతే ఏడేళ్లు పోతయి అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఒక్క నిమిషం, నిజం చెప్పాలంటే పది నిమిషాలు, నేనూ ఆలోచించాను. కానీ పట్టా వచ్చాక థీసిస్‌ని ఆన్‌లైన్లో పెడతారు. ఏ మేడం అయినా తన పనిమనిషి పేరు కొట్టి వెతికితే చాలు.

శుక్రవారం తొమ్మిదింటికి గైడు మేడం ఇంటికెళ్లి దరఖాస్తు మీద సంతకం పెట్టించుకున్నాను. ఆమె ఏమీ తిట్టలేదు, దానికే భయమేసింది. పరీక్షల విభాగంలో గుమాస్తా రసీదు ఇచ్చిన పుస్తకం వెనక్కివ్వడానికి నియమం లేదన్నాడు. దరఖాస్తు రెండుసార్లు చదివి, ఇవ్వకూడదని కూడా నియమం లేదని ఒప్పుకుని, పుస్తకాలు ఇచ్చి రసీదు వెనక్కి తీసుకున్నాడు. నాలుగింటికి కౌంటర్ మూసేస్తానన్నాడు.

చౌహాన్ జీ కొట్టుకి చేరేసరికి పదకొండున్నర. పృథ్వి సెలవు పెట్టి అప్పటికే లాప్‌టాప్‌తో ఫోటోకాపీ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఐదు పుస్తకాలు మొదటినుంచీ అచ్చేసి అట్టలు వేయాలంటే మర్నాటి దాకా పడుతుంది. దీనికి చౌహాన్ జీ దగ్గర ఒక దారి ఉంది. అట్ట తీసేసి, ఐదో అధ్యాయం కాగితాలు మాత్రం మార్చి, పాత అట్టే మళ్లీ అతికించొచ్చు. కానీ కొత్త అధ్యాయం సరిగ్గా పాతదానికి ఎన్ని పేజీలో అన్ని పేజీలే రావాలి. ఒక్క పేజీ ఎక్కువైనా తర్వాతి నంబర్లన్నీ, విషయసూచిక, చివరనున్న పదాల పట్టీ తప్పుతాయి.

పాతది నూట ఎనభై ఒకటి నుంచి రెండు వందల ముప్ఫై ఎనిమిది దాకా ఉంది. మారుపేర్లతో కూర్చితే రెండు వందల ముప్ఫై తొమ్మిదో పేజీలోకి ఒక్క వరుస జారింది. పేరు పొడుగు మారితే వరుస మారుతుంది, వరుస మారితే పేరా మారుతుంది, అలా యాభై ఎనిమిది పేజీల పాటు జరిగి జరిగి, ఒక వరుస మిగిలిపోయింది.

చౌహాన్ జీ అక్షరాలు కొంచెం చిన్నవి చేసెయ్ అన్నాడు. పృథ్వి ఆ మాటకి అంత హడావుడిలోనూ కోపం తెచ్చుకున్నాడు. ఒక్కో పేరా తెరిచి మాటల మధ్య ఖాళీ వెంట్రుకవాసి తగ్గిస్తూ పోయాడు. ఒక చోట వరుస తగ్గితే ఇంకో చోట పట్టిక కిందికి దూకేది. పన్నెండున్నర, ఒకటి, ఒకటిన్నర. అతని చెమట కీబోర్డు మీద పడుతోంది. ఏడు నెలల్లో నేను ఎన్ని తిట్టానో అన్నీ నిజమే, కానీ ఆ మధ్యాహ్నం ఆ మనిషి వేళ్ల వైపు చూస్తుంటే ప్రేమేసింది.

"ఒక్క వాక్యం తీసెయ్యి వాసవీ," అన్నాడు చివరికి. "ఏదన్న ఒకటి. నాతోని ఐతలేదు."

స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఆ పేజీలో సగం మాణిక్యం చెప్పిన మాటలు, సగం వాటికి అర్థం ఏమిటో చెబుతూ నేను రాసిన మాటలు. ఆమె మాటల్లో ఒక్కటీ తీయడానికి చెయ్యి రాలేదు. నా దాంట్లో, నాలుగు నెలలు కష్టపడి రాసిన, ఈ అధ్యాయానికే కిరీటం అనుకున్న వాక్యం ఒకటి తీసేశాను. పేరా ఏ మాత్రం తేడా లేకుండా నిలబడింది. వరుస సర్దుకుంది. రెండు వందల ముప్ఫై ఎనిమిది.

చౌహాన్ జీ కత్తితో అట్టలు కోసి కాగితాలు మార్చాడు. జిగురు ఆరడానికి సమయం లేక ఐదు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన నన్ను కూర్చోమన్నాడు. డాక్టరేట్ మీద కూర్చున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. నాలుగుకి ఎనిమిది నిమిషాలుండగా కౌంటర్‌లో ఇచ్చాం. గుమాస్తా వేళ్లకి జిగురంటుకుంది. రసీదు ఇచ్చాడు. పృథ్వి మెట్లమీద కూర్చుని, చిప్పకి మళ్లీ నోరిస్తానని, ఇక ఎంత అరిచినా భరించాలని చెప్పాడు. సరేనన్నాను. ఆ పాత కాగితాలు, ఆరో కాపీలోవి కూడా, ఇంటికి తెచ్చి బకెట్‌లో నానబెట్టి ముద్ద చేసేశాం.

ఆదివారం పదింటికి, చక్కగా మార్చిన ఆరో కాపీ పట్టుకుని మాణిక్యం గదికి వెళ్లాను. మొన్న అలా లాక్కెళ్లినందుకు క్షమించమన్నాను. పేర్లు ఎందుకు ఉండకూడదో, ఉంటే ఎవరెవరి పని పోయేదో అంతా చెప్పాను. ఆమె మంచి పని చేశానంది. సీతారత్నానికి తెలిస్తే గుండాగిపోయేదంది. నూట తొంభై నాలుగో పేజీ తీసి, ఇదిగో ఇక్కడ సరళ అంటే నువ్వే అని చూపించాను. అచ్ఛా, అంది. ఆ పేరు మీద వేలు పెట్టలేదు.

పుస్తకం మూసి అట్ట వైపు చూసింది. నల్లటి అట్ట మీద బంగారు అక్షరాలు.

"ఇదేటి, పైనున్నది?"

నా పేరని చెప్పాను.

"మరి ఇది మార్సలేదేటి?"

నేను ఏదో మొదలుపెట్టాను. నియమం అలా ఉంటుందని, రాసినవాళ్ల పేరు పైన వేస్తారని. ఏడేళ్లుగా వాళ్ల గురించే రాస్తున్నాననుకున్నాను. రాసిందాంట్లో మంచి మాటలన్నీ ఆమెవే అని రెండ్రోజుల కిందట చౌహాన్ జీ కొట్లో నా కళ్లతో నేనే చూశాను.

మాణిక్యం కోపంగా లేదు. టీ పెట్టింది. నేను తాగి లేచేటప్పుడు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇది నీ కోసమే తెచ్చాను, ఉంచుకో అన్నాను.

"నానున్న పుస్తకం మొన్న మీరు పట్టుకెళ్లిపోనారు గదమ్మా," అంది. "ఇది మీదే."